పెరిమెనోపాజ్‌లో వ్యాయామం: తరచుగా అడిగే ప్రశ్నలు

నలభై దాటాక ఒంట్లో వచ్చే మార్పుల గురించి మాట్లాడుకునేటప్పుడు ఆడవాళ్ల గొంతు దానంతటదే తగ్గిపోతుంది. అందుకే జరుగుతున్నదేమిటో తెలిసేసరికి చాలామందికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. నాకూ అంతే. ఏళ్ల తరబడి రోజూ నడిచే అలవాటున్నా, నలభై నాలుగో ఏట ఒకరోజు నేల మీద కూర్చుని లేవబోతే చెయ్యి ఆన్చకుండా లేవలేకపోయాను. ఆ రోజు నుంచి చదివినవీ, డాక్టర్లనూ ఫిజియోథెరపిస్టులనూ అడిగి తెలుసుకున్నవీ, చేసి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను.

పెరిమెనోపాజ్ అంటే ఏమిటి? మెనోపాజ్‌కీ దీనికీ తేడా ఏంటి?

చివరి పీరియడ్ వచ్చి పూర్తిగా 12 నెలలు గడిచి, ఆ ఏడాదిలో మళ్లీ ఒక్కసారి కూడా రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. పెద్దవాళ్లు ముట్లుడిగిపోవడం అనేది దీన్నే. దానికి ముందు కొన్నేళ్లపాటు అండాశయాల పనితీరులో తడబాటు మొదలవుతుంది. ఆ కాలమే పెరిమెనోపాజ్. సగటున నాలుగేళ్లు ఉంటుంది. కొందరికి ఏడాది రెండేళ్లలో అయిపోతుంది, కొందరికి ఎనిమిదేళ్ల దాకా సాగుతుంది.

ఈ దశలో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ నెలనెలా కొంచెం కొంచెంగా తగ్గుతూ పోతుందని అనుకుంటాం. నిజానికి అది ఒక నెల మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది, మరో నెల బాగా పడిపోతుంది. పోయిన వారం హుషారుగా చేసిన వ్యాయామం ఈ వారం కొండంత బరువుగా అనిపించడంలో దీని పాత్ర కూడా ఉంటుంది. అది మీ బద్ధకం కాదు.

నెల తప్పే తీరు చూసి డాక్టర్లు దశను అంచనా వేస్తారు. ఒక నెలకీ మరో నెలకీ వారం రోజులు, అంతకన్నా ఎక్కువ తేడా తరచుగా వస్తుంటే తొలి దశ. రెండు పీరియడ్ల మధ్య 60 రోజులు, ఆపైన గ్యాప్ వస్తుంటే చివరి దశకు చేరినట్టు.

నాకు 38 ఏళ్లే. అప్పుడే మొదలవుతుందా?

కొందరికి మొదలవుతుంది. ఎక్కువమందికి నలభైల మధ్యలో మొదలవుతుంది. అయితే 40 లోపే పీరియడ్స్ ఆగిపోతున్నా, నెలల తరబడి రాకపోయినా డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. అంత త్వరగా ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకల మీదా గుండె మీదా దెబ్బ పడుతుంది, దానికి చికిత్స ఉంది. నీరసం, చిరాకు, బరువు పెరగడం లాంటివి థైరాయిడ్ వల్ల కూడా రావచ్చు. నెల తప్పితే గర్భం కూడా కావచ్చు. పెరిమెనోపాజ్‌లో గర్భం వచ్చే అవకాశం తగ్గుతుందే తప్ప పోదు.

అసలే ఓపిక లేదు. ఇప్పుడు వ్యాయామం అంత అవసరమా?

అవసరమే. ఇంకా చెప్పాలంటే ఇదే అసలైన టైం. అమెరికాలో 1990ల నుంచి మూడు వేల మందికి పైగా ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన 'స్వాన్' అనే పెద్ద అధ్యయనం ఉంది. చివరి పీరియడ్‌కి దాదాపు ఏడాది ముందు నుంచి ఎముక కరిగే వేగం పెరుగుతుందని, ఆ తర్వాత రెండేళ్ల దాకా ఆ వేగం అలాగే ఉంటుందని అందులో తేలింది. చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా పెరిగేది కూడా చివరి పీరియడ్ చుట్టుపక్కల ఏడాదిలోనే. ఈ మార్పు మొదలైన దగ్గర్నుంచి కొవ్వు చేరే వేగం పెరుగుతుంది, కండ తగ్గడం మొదలవుతుంది.

ఇవేవీ నొప్పి పుట్టించవు. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే కనబడవు. చేతికి చెమట పట్టినప్పుడు పట్టించుకుంటాం గానీ వెన్నెముక పలచబడుతుంటే మనకెలా తెలుస్తుంది? అందుకే ఓపిక వచ్చాక చూద్దాంలే అని వాయిదా వేస్తే నష్టం. పైగా ఓపిక అనేది చాలాసార్లు కదిలాకే వస్తుంది. పది నిమిషాలు మొదలుపెట్టి చూడండి. పది నిమిషాల తర్వాత కూడా ఒళ్లు మొరాయిస్తే ఆ రోజుకి ఆపేయండి.

వారానికి ఎంత చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో, లేదంటే 75 నుంచి 150 నిమిషాలు గట్టిగా ఆయాసం వచ్చేలా వ్యాయామం చేయాలి. దాంతోపాటు వారంలో కనీసం రెండు రోజులు ఒంట్లోని పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే పని చెప్పాలి.

ఓ మోస్తరు అంటే ఎంత? మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాల్సి వస్తే అది గట్టి వ్యాయామం. దీనికి వాచీలు అక్కర్లేదు.

ఒకప్పుడు కనీసం పది నిమిషాలు ఏకబిగిన చేస్తేనే లెక్క అనేవారు. ఆ షరతు ఇప్పుడు లేదు. మూడు నిమిషాలు మెట్లెక్కినా, ఐదు నిమిషాలు గబగబా నడిచినా లెక్కలోకి వస్తుంది. ఇంటి పనీ ఆఫీసు పనీ మధ్య నలిగిపోయేవాళ్లకి ఇది నిజంగా మంచి కబురు.

రోజూ గంట నడుస్తాను. అది చాలదా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నేనూ ఏళ్లపాటు చాలనే అనుకున్నాను.

నడక మంచిది, దాన్ని మానొద్దు. గుండెకీ, షుగర్‌కీ, మనసుకీ దానివల్ల చాలా మేలు. కానీ నడక ఒక్కటే కండబలాన్ని పెద్దగా పెంచదు, ఎముకను పెద్దగా గట్టిపరచదు. ఎముక స్వభావమే అంత. దానికి అలవాటైన బరువు మీద పడితే ఉన్నదున్నట్టు ఉంటుంది. అలవాటు లేనంత బరువో, కొత్త దిశలో ఒత్తిడో పడినప్పుడే ఇంకాస్త గట్టిపడాలని అది గుర్తిస్తుంది. రోజూ అదే రోడ్డు మీద అదే వేగంతో నడిస్తే ఎముకకి కొత్తగా ఏ కబురూ అందదు. చేతులకీ, భుజాలకీ, వీపుకీ అయితే నడకలో దాదాపు పనే ఉండదు.

గంట నడిచే టైం మీకుంటే వారంలో రెండు రోజులు అందులోంచి 25 నిమిషాలు తీసి బలం పెంచే వ్యాయామానికి ఇవ్వండి. మొత్తం టైం పెరగదు, ఫలితం మాత్రం మారుతుంది. ఈ పేజీలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ ఒక్క మార్పు చేసుకుంటే నాకు చాలు.

బరువులెత్తడం ఎప్పుడూ చేయలేదు. ఇంట్లోనే ఎలా మొదలుపెట్టాలి?

కుర్చీతో మొదలుపెట్టండి. చక్రాలు లేని, జారని గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టండి. సీటు ముందు అంచు దాకా జరిగి కూర్చోండి. పాదాలు నడుము వెడల్పున, మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి ఉండాలి. చేతులు ఎదురుగా చాచి, ఛాతీ కాస్త ముందుకి వంచి, మడమలతో నేలని నొక్కుతూ లేవండి. అసలు పని కిందికి దిగడంలో ఉంది. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటూ దిగండి. చివర్లో కుర్చీలో కూలబడుతున్నారంటే అక్కడ తొడల్లో బలం చాలట్లేదని అర్థం. అది రావాలి, వస్తుంది. మోకాళ్లు లోపలికి ఒరిగిపోతుంటే పాదాల వేళ్ల వైపు చూస్తున్నట్టు వాటిని బయటికి తోయండి. ఇలా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. ఒక నిమిషం ఆగి ఇంకో సెట్టు.

ఇది తేలికైపోయాక రెండు చేతులతో ఒక బరువును గుండెలకి హత్తుకుని చేయండి. పుస్తకాలు నింపిన సంచీ అయినా సరే. లీటరు నీళ్ల సీసా దాదాపు కిలో ఉంటుంది కాబట్టి లెక్క కూడా సులువే.

దీనితోపాటు మరో నాలుగు. ఒకటి, గోడకి చేతులు ఆన్చి పుషప్. అలవాటయ్యాక గోడ బదులు ఎత్తైన బల్ల, ఆ తర్వాత నేల. రెండు, కాస్త ముందుకి వంగి బరువును నడుము దాకా లాగడం. వీపు వంపు తిరగకుండా బల్లలా ఉండాలి. మూడు, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా నిలపడం. నాలుగు, రెండు చేతుల్లో బరువైన సంచులు పట్టుకుని నిటారుగా గదిలో అటూ ఇటూ నడవడం. ఇది పట్టుబలానికీ భుజాలకీ చాలా మంచిది.

వారంలో రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. సెట్టు చివర్లో ఇంకో రెండు మూడు సార్లు మాత్రమే చేయగలను అనిపించేంత బరువు ఉండాలి. ఇరవై సార్లు చేసినా ఏమీ అనిపించకపోతే బరువు పెంచే రోజు వచ్చినట్టే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మొదట్లో కొన్న కిలో డంబెల్‌తోనే మూడేళ్లు గడిపేస్తారు. శరీరం ఎదగాలంటే పని కొంచెం కొంచెంగా పెరగాలి.

బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టకుండా చూసుకోవాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి, దించేటప్పుడు తీసుకోండి.

మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కండరాలు పట్టేసినట్టు ఉంటాయి. అది మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలు లోపల పొడిచినట్టు నొప్పి, వాపు మాత్రం మామూలు కాదు. ఆ వ్యాయామాన్ని ఆపి కారణం తెలుసుకోవాలి.

బరువులెత్తితే మగవాళ్లలా కండలొస్తాయా?

రావు. అంత కండ రావడానికి కావాల్సినంత టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ మనలో ఉండదు. ఈ వయసులో ఉన్న కండ నిలబెట్టుకోవడానికే కష్టపడాలి.

ఎముకల కోసం గెంతాలంటారు. ఈ వయసులో అది ప్రమాదం కాదా?

కీళ్లు బాగుండి, ఎముకలు మామూలుగా ఉన్నవాళ్లకి ప్రమాదం కాదు, మేలు. మొదట మడమలెత్తి ధబ్‌మని నేలకి దించడం. దానికి అలవాటు పడ్డాక చిన్న గెంతులు పది, మధ్యలో కాస్త ఆగి ఇంకో పది. వారంలో మూడు నాలుగు రోజులు చాలు.

ఎముకలు పలచబడ్డవాళ్ల సంగతి వేరు. ఆస్ట్రేలియాలో 'లిఫ్ట్‌మోర్' అనే పరిశోధనలో మెనోపాజ్ దాటి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది ఆడవాళ్లు పాల్గొన్నారు. ఒక జట్టు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలపాటు పెద్ద బరువులు ఎత్తింది, కిందికి గట్టిగా దిగే గెంతులు చేసింది. వాళ్లలో నడుము దగ్గరి వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన రెండో జట్టులో ఒక శాతానికి పైగా తగ్గింది. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. కానీ ఒక మాట మరిచిపోకూడదు. వాళ్లు ఆ బరువుల దాకా మెల్లగా చేరారు, ప్రతిసారీ శిక్షకుల కళ్లముందే ఎత్తారు. మీకు ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) ఉందని తెలిస్తే, చిన్న దెబ్బకే ఎముక విరిగిన చరిత్ర ఉంటే సొంతంగా ఇలాంటివి మొదలుపెట్టొద్దు. ముందు డాక్టర్, తర్వాత ఫిజియోథెరపిస్ట్.

వ్యాయామం చేస్తే వేడి ఆవిర్లు తగ్గుతాయా?

తగ్గుతాయని గట్టిగా చెప్పలేం. ఈ విషయంలో మీకు ఆశ పెట్టడం నాకిష్టం లేదు. కొన్ని పరిశోధనల్లో తగ్గాయి, చాలావాటిలో తేడా కనబడలేదు. మెదడులో హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడిని చూసుకుంటుంది. ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుళ్ల వల్ల దానికి ఓపిక తగ్గిపోతుంది. రవ్వంత వేడి పెరిగినా, ఒళ్లు కాగిపోతున్నట్టు రక్తనాళాలు తెరిచి చెమట పట్టించేస్తుంది. వ్యాయామం ఈ గోలను ఆపుతుందన్న రుజువు బలంగా లేదు.

మరి ఎందుకు చేయాలి? ఆవిర్ల వల్ల చెడిన నిద్రకీ, చిరాకుకీ, ఎముకకీ, గుండెకీ పనికొస్తుంది కాబట్టి. స్వాన్ అధ్యయనంలో ఆవిర్లు తరచుగా వచ్చిన వాళ్లకి అవి సగటున ఏడేళ్లకు పైనే సాగాయి. అన్నేళ్లు పళ్లు బిగించి భరించక్కర్లేదు. మందులున్నాయి, డాక్టర్‌ని అడగండి.

వ్యాయామం మధ్యలో ఆవిర్లు వస్తే ఏం చేయాలి?

కంగారు పడొద్దు. ముందు ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా ముఖానికి పాకుతుంది, గుండె టకటకా కొట్టుకుంటుంది, ఆ వెంటనే వెన్ను మీద చెమట. చాలామందికి ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో దిగిపోతుంది. చేతిలో బరువు ఉంటే జాగ్రత్తగా కింద పెట్టండి. వేగం తగ్గించండి కానీ ఒక్కసారిగా ఆగిపోకండి. చల్లటి నీళ్లు తాగి, తడి గుడ్డ మెడ వెనక పెట్టుకోండి. చెమట తగ్గాక మళ్లీ కొనసాగించండి.

ముందే చేసుకోగలిగేవి: చల్లటి వేళలో చేయడం, ఫ్యాన్‌కి ఎదురుగా చేయడం, ఒక మందపాటి బట్ట బదులు రెండు పలచటివి వేసుకుని అవసరమైతే పైది తీసేయడం. నూలు బట్ట చెమట పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది. త్వరగా ఆరే బట్ట నయం.

పీరియడ్స్‌లో బ్లీడింగ్ విపరీతంగా ఉంటోంది. ఆ రోజుల్లో చేయొచ్చా?

చేయగలిగితే చేయొచ్చు. వ్యాయామం వల్ల బ్లీడింగ్ ఎక్కువై ప్రమాదం వస్తుందనే భయం అక్కర్లేదు. కాసేపు నడిస్తే కొందరికి కడుపునొప్పి తగ్గుతుంది కూడా. ఒంట్లో బాగోకపోతే ఆ ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి. ఏ నష్టమూ లేదు.

అసలు చూడాల్సింది ఐరన్. నెలకి రెండుసార్లు, లేదా వారం దాటి బ్లీడింగ్ అవుతున్న మనిషికి ఒంట్లో ఐరన్ నిల్వలు కరిగిపోతాయి. మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, కాళ్లు లాగడం మొదలవుతాయి. వయసు అనో, బద్ధకం అనో సరిపెట్టుకుంటాం. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా, ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు, అందుకే రెండూ చూపించుకోండి. ఐరన్ లేని ఒంటితో వ్యాయామం చేస్తూ, నాకు చేతకావట్లేదని బాధపడేవాళ్లను చూస్తే నా మనసు చివుక్కుమంటుంది. లోపం వాళ్లది కాదు.

గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలకు పైగా తడిసిపోతుంటే, పెద్ద గడ్డలు పడుతుంటే, కళ్లు తిరుగుతుంటే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. అయినా పొద్దున్నే లేచి చేయాలా?

సరిగ్గా నిద్ర లేని పొద్దున పెద్ద బరువులొద్దు. మనసు పెట్టలేని రోజు దెబ్బలు తగిలే అవకాశం ఎక్కువ. వెలుతురులో అరగంట నడిచి రండి. అది చేసినట్టే లెక్క. వారంలో ఎక్కువ రోజులు ఒళ్లు కదిలితే రాత్రి నిద్ర నాణ్యత మెరుగవుతుంది, కానీ ఒక్క రోజుతో కాదు, కొన్ని వారాలు పడుతుంది.

సాయంత్రం చేసినా పర్లేదు. పడుకోబోయే ముందు గంటలో మాత్రం గుండె వేగం బాగా పెంచే వ్యాయామం వద్దు. పైగా ఒంటి వేడి పెరిగి ఉంటే రాత్రి చెమటలు పట్టేవాళ్లకి ఇబ్బంది.

గెంతినా, తుమ్మినా మూత్రం చుక్క పడుతోంది. అందుకే వ్యాయామం మానేశాను.

ఇది చెప్పుకోలేక వ్యాయామాన్నే వదిలేసిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి మానకండి. కటి కింద మూత్రాశయాన్నీ గర్భసంచినీ ఊయలలా మోసే కండరాలుంటాయి. వాటికీ వ్యాయామం ఉంది. 1948లో ఆర్నాల్డ్ కీగల్ అనే అమెరికన్ గైనకాలజిస్ట్ వీటి గురించి రాశారు, ఆయన పేరుతోనే ఇవి కీగల్ వ్యాయామాలుగా చెలామణి అవుతున్నాయి.

గ్యాస్ పోకుండా ఆపుకుంటున్నట్టు వెనక భాగాన్ని, మూత్రం ఆపుకుంటున్నట్టు ముందు భాగాన్ని కలిపి లోపలికీ పైకీ లాగండి. పిరుదులు, తొడలు, పొట్ట బిగించకూడదు. ఊపిరి మామూలుగా ఆడాలి. మొదట్లో మూడు నాలుగు సెకన్లే నిలుస్తుంది, మెల్లగా పది సెకన్లకి తీసుకెళ్లండి. బిగించినంతసేపు వదులుగా కూడా వదలాలి. ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు. నిజంగా మూత్రం పోసేటప్పుడు ఆపి ప్రాక్టీస్ చేయొద్దు. తుమ్ము రాబోతుందనగా, బరువు ఎత్తబోయే ముందు ఒక్కసారి బిగించడం అలవాటు చేసుకోండి, తేడా తెలుస్తుంది. కింద బరువుగా, ఏదో జారుతున్నట్టు అనిపిస్తే గెంతులు ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.

కీళ్ల నొప్పులు, భుజం పట్టేయడం మొదలయ్యాయి. కదిలిస్తే ఎక్కువ కాదా?

పొద్దున్నే వేళ్లు, మోకాళ్లు బిగుసుకున్నట్టు ఉండటం ఈ దశలో చాలామందికి ఉంటుంది. కదిలిస్తే వదులవుతాయి, కూర్చుంటే ఇంకా బిగుస్తాయి.

భుజం విషయంలో కాస్త జాగ్రత్త. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) ఎక్కువగా కనబడుతుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ. చెయ్యి వెనక్కి పెట్టి బ్రా హుక్ పెట్టుకోలేకపోవడం, జడ వేసుకోలేకపోవడం తొలి గుర్తులు. ఇది తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు కూడా పట్టొచ్చు. నొప్పి ఎక్కువున్నప్పుడు బలవంతంగా లాగితే మేలు కన్నా కీడే ఎక్కువ. ఈలోగా కాళ్లకీ, రెండో చేతికీ పని చెప్పండి. ఒక భుజం కోసం ఒళ్లంతా ఆపక్కర్లేదు.

పక్కకి తిరిగి పడుకుంటే తుంటి పక్కన నొప్పి వస్తుంటే చాలావరకు అది అక్కడి స్నాయువుది. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి, కాలు మీద కాలు వేసి కూర్చోవడం, ఒక కాలి మీదే బరువంతా వేసి నిలబడటం తగ్గించండి. తుంటి కండరాలకి మెల్లగా బలం వస్తే నొప్పి తగ్గుతుంది.

ఎంత చేసినా పొట్ట తగ్గట్లేదు. ఏం తప్పు చేస్తున్నాను?

బహుశా ఏ తప్పూ చేయడం లేదు. ఇదివరకు తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు ఇప్పుడు పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది. పొట్ట వ్యాయామాలు ఎన్ని చేసినా ఆ చోట మాత్రమే కొవ్వు కరగదు. వ్యాయామం ఒక్కదానితో బరువు పెద్దగా తగ్గదు కూడా. తిండి కూడా చూసుకోవాలి. అయితే తూకం ముల్లు కదలకపోయినా లోపలి కొవ్వు తగ్గి, కండ పెరగొచ్చు. నెలకోసారి నడుము చుట్టుకొలత రాసుకోండి. ఎన్ని కిలోలు ఎత్తారో కూడా రాసుకోండి. ఆ రెండో అంకె పెరుగుతుంటే వచ్చే ఆనందం తూకం ఎప్పుడూ ఇవ్వదు.

కడుపు మాడ్చుకోవడం మాత్రం వద్దు. కొవ్వుతోపాటు కండ, ఎముక కూడా పోతాయి.

గట్టిగా ఆయాసం వచ్చే వ్యాయామం చేస్తే కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) పెరిగి ఇంకా లావవుతారట. నిజమా?

కాదు. కష్టమైన వ్యాయామం చేసినప్పుడు కార్టిసాల్ కాసేపు పెరిగి దిగుతుంది. అది శరీరం సహజంగా చేసే పని. వారానికి ఒకటి రెండుసార్లు, నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మెల్లగా, ఇలా ఓ పదిహేను ఇరవై నిమిషాలు చేస్తే గుండెకి మంచిది. రోజూ అలాగే చేస్తూ, నిద్ర లేక, తిండి తినక ఉంటే మాత్రం ఒళ్లు కుదేలవుతుంది.

నెలసరి రోజుల లెక్కను బట్టి వ్యాయామం మార్చుకోవాలా?

దీనికి గట్టి ఆధారం లేదు. పైగా ఈ దశలో లెక్కే కుదరదు. ఈ రోజు ఒళ్లెలా ఉందో చూసుకుని చేయడం నయం.

యోగా చేస్తాను. వేరే ఏమైనా చేయాలా?

యోగా వల్ల నిద్ర, మనసు, కీళ్ల కదలిక, బ్యాలెన్స్ బాగుపడతాయి. బ్యాలెన్స్ చిన్న విషయం కాదు, పెద్దయ్యాక ఎముకలు ఎక్కువగా విరిగేది పడిపోవడం వల్లే. కానీ మన ఒంటి బరువును మించిన భారం అందులో పడదు కాబట్టి రెండు రోజుల బరువుల పని, వారం మొత్తంలో కాస్త ఆయాసం వచ్చే పని కలపండి.

ఏమీ కారణం లేకుండా ఏడుపు, కోపం, టెన్షన్. వ్యాయామంతో తగ్గుతుందా?

కొంత తగ్గుతుంది. దిగులుకీ ఆందోళనకీ వ్యాయామం పనిచేస్తుందనడానికి ఆధారాలు బాగానే ఉన్నాయి. తోడు ఉంటే ఇంకా మంచిది. ఒక స్నేహితురాలితో కలిసి నడిస్తే ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేనివి నడుస్తూ చెప్పుకుంటాం.

కానీ పెరిమెనోపాజ్‌లో డిప్రెషన్ వచ్చే అవకాశం నిజంగా ఎక్కువ, ముఖ్యంగా ఇదివరకు ఒకసారి వచ్చినవాళ్లకి. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వాకింగ్‌కి వెళ్తే సర్దుకుంటుందని ఎవరు చెప్పినా వినకండి. వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి.

తిండిలో ఏం చూసుకోవాలి?

ముఖ్యంగా ప్రొటీన్. కండ నిలవాలంటే కిలో ఒంటి బరువుకి రోజుకి గ్రాము నుంచి 1.2 గ్రాములు, మూడు పూటలకీ పంచుకుని తినండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే పెంచాలి. తిండి ద్వారా కాల్షియం, తక్కువుంటే విటమిన్ డి. అంతకు మించి ఈ దశ కోసమే ప్రత్యేకంగా అమ్మే పొడుల మీద డబ్బు పోసే ముందు ఆలోచించండి.

హార్మోన్ మందులు వాడుతున్నాను. ఇక వ్యాయామం అక్కర్లేదా?

వేడి ఆవిర్లకి అన్నిటికన్నా బాగా పనిచేసేవి అవే, ఎముక కరగడాన్నీ తగ్గిస్తాయి. వాడాలా వద్దా అన్నది మీ ఆరోగ్య చరిత్ర చూసి డాక్టర్‌తో కలిసి తేల్చుకోవాలి. కానీ తొడల్లో బలం, గుండె దమ్ము, పడిపోకుండా నిలదొక్కుకునే శక్తి మాత్రతో రావు. నిద్ర కుదుటపడితే వ్యాయామం చేసే ఓపిక వస్తుంది కాబట్టి రెండూ ఒకదానికొకటి తోడు.

ఏ లక్షణాలుంటే వ్యాయామం ఆపి డాక్టర్ దగ్గరకి వెళ్లాలి?

ఛాతీలో నొప్పి లేదా బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చేసిన పనికి మించిన ఆయాసం, స్పృహ తప్పడం, గుండె దడ ఎంతసేపటికీ తగ్గకపోవడం. వీటిలో ఏదున్నా వెంటనే వెళ్లాలి. ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి వికారం, విపరీతమైన నీరసం, వెన్నులో నొప్పిలా కూడా వస్తుంది. ఇదంతా మెనోపాజ్ వల్లే అని సరిపెట్టుకోకూడదు.

పీరియడ్స్ ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనబడినా, సంభోగం తర్వాత బ్లీడింగ్ అయినా చూపించుకోవాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు గట్టి వ్యాయామం మొదలుపెట్టే ముందే ఒకసారి డాక్టర్‌ని కలవండి.

రెండు నెలలు చేసి మానేశాను. మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలా?

అక్కర్లేదు. ఒకసారి బలం తెచ్చుకున్న కండరం రెండోసారి త్వరగా కోలుకుంటుంది. ఇదివరకు ఎత్తిన బరువులో సగంతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో పాత బరువుకి రండి.

నాకూ గ్యాప్‌లు వచ్చాయి. ఒకసారి ఇంట్లో జబ్బు, ఒకసారి నా ఐరన్ అడుగంటి మూడు నెలలు. ఆ తర్వాత నేను చేసుకున్న ఏర్పాటు ఒకటుంది, నచ్చితే మీరూ చేసుకోండి. మంచి రోజుకి ఒక లెక్క, చెడ్డ రోజుకి ఒక లెక్క ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. మంచి రోజు 30 నిమిషాలు, బరువులతో. చెడ్డ రోజు కుర్చీలోంచి పది సార్లు లేవడం, గోడ మీద పది పుషప్‌లు, అంతే, నాలుగు నిమిషాలు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఇవాళ ఏ రోజో తేల్చుకుంటాను. ఆ కాగితం ఇప్పటికీ అల్మరా తలుపు లోపలి వైపు అతికించే ఉంది.